కార్న్‌వాలిస్ జ్వరం

దాదాపు ఇరవై ఏళ్లుగా నేనొక జ్వరాన్ని మోస్తున్నాను. ఎన్నడూ రాని జ్వరం. నిజంగా వచ్చినదైతే గోలీలు మింగి, రెండు పూటలు జావ తాగి, లేచి తిరిగేవాణ్ణి. రానిది కాబట్టే ఇంతకాలం నన్ను వదల్లేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. దాన్ని ధైర్యమనవచ్చో లేదో మీరే తేల్చుకోండి.

కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పిల్లలు నన్ను వెనకాల వాషింగ్టన్ సార్ అంటారు. ఆకతాయిలు కొందరు ఎదురుగానే అంటారు. నాకు కోపం రాదు. పైకి కసురుకుంటాను గానీ లోపల కాస్త గర్వంగానే ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమంటే నాకు అంత పిచ్చి. ఇంతవరకు పాస్‌పోర్టు తీసుకోలేదు, విమానం ఎక్కలేదు, ఎక్కాలని కోరికా లేదు. కానీ ఆ యుద్ధంలో ఏ సేనాని ఏ వాగు ఎక్కడ దాటాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఎందుకంత పిచ్చి? నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. వాషింగ్టన్ గెలిచిన పోరాటాల కంటే వెనక్కి తగ్గినవే ఎక్కువ. న్యూయార్క్‌లో ఓడాడు, తప్పించుకుని పోయాడు, కాళ్లకు జోళ్లు లేని సైనికులతో మంచులో ఒక చలికాలమంతా కూర్చున్నాడు, అయినా సైన్యం చెదిరిపోకుండా పట్టుకున్నాడు. మాది రామారెడ్డి దగ్గర ఒక పల్లె. మా నాన్న బోరు మీద బోరు వేయించాడు. ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు. అందరూ నవ్వుతుంటే పై ఏడు మళ్లీ రిగ్గు బండిని పిలిపించాడు. వాషింగ్టన్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. అంతే, ఆ మనిషి నా మనిషైపోయాడు.

ఆ పిచ్చే నా తప్పుకు మొదలు. తప్పు పిచ్చి మీదకు తోసేస్తున్నానా? లేదు. పిచ్చి వరకైతే ఎవరైనా మన్నిస్తారు. ఆ తర్వాత చేసింది చెప్పాలి.

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేసేవాణ్ణి. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పేరు చెప్పడం ఎందుకు. నేను హిస్టరీ, నర్సింలు సివిక్స్. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. బస్టాండు వెనక రేకుల కప్పు ఉన్న గదిలో ఇద్దరం కలిసి ఉండేవాళ్లం. వాళ్ల పల్లె పక్కనే, అయినా వర్షాకాలంలో దారి బాగుండదని వారంలో ఎక్కువ రోజులు నా దగ్గరే ఉండిపోయేవాడు. కొత్తగా పెళ్లయింది. ఆ ఏడు భార్య నీళ్లు పోసుకుంది. అన్నం వాడే వండేవాడు, కూర నేను. నా కూర బాగుండదని ఒక్కనాడూ అనలేదు, పచ్చడి మాత్రం ఎక్కువ వేసుకునేవాడు.

ఆ ఏడు దసరా తర్వాత అమెరికా పాఠం మొదలుపెట్టాను. సిలబస్ ప్రకారం పది పన్నెండు క్లాసుల్లో ముగించాలి. నేను సంక్రాంతి దాటినా ముగించలేదు. డెలావేర్ నది అని చెప్పి కిటికీలోంచి మంజీర వైపు చెయ్యి చూపేవాణ్ణి. పొలాలు, మేకల కాపర్లు తప్ప అటు ఏమీ కనిపించదు, అయినా పిల్లలకు మంచు గడ్డల మధ్య పడవలు కనిపించేవి. గెలవకుండానే శత్రువును ఊళ్లు తిప్పి తిప్పి అలసగొట్టిన సేనాని గ్రీన్. కాలు విరిగేలా పోరాడి, ఆ తర్వాత అదే శత్రువుకు అమ్ముడుపోయిన బెనెడిక్ట్ ఆర్నాల్డ్. ఆర్నాల్డ్ పాఠం రోజు వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చి కూర్చున్నారు. నేనిక ఆగలేకపోయాను. ఫ్రెంచి విప్లవం ఎక్కడికి పోతుంది, ఇటలీ, జర్మనీ ఎక్కడికి పోతాయి, చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

చెప్పలేదు. ఫిబ్రవరి వచ్చేసింది. మీకు తెలుసు, మన దగ్గర పరీక్షల ముందు సార్లు ఇంపార్టెంట్లు చెబుతారు. ఏ ప్రశ్నలు వస్తాయో ఊహించి వాటికే గుర్తు పెట్టిస్తారు, పిల్లలు అవే చదువుతారు. ఆ పూట నేను క్లాసులో నిలబడి, పుస్తకంలో సగం వదిలేశానన్న సంగతి పిల్లలకు తెలియనీయకుండా, గొంతు పెంచి అన్నాను: "వాషింగ్టన్ గ్యారంటీ. రాకుంటె నన్నడుగుండ్రి." అమెరికా నుంచే నాలుగు ప్రశ్నలు చెప్పాను. మిగతావి చూడకపోయినా పర్వాలేదన్నాను. నా చేతిరాత నాకే అర్థం కాదు, అందుకని నర్సింలును పిలిచి బోర్డు మీద రాయమన్నాను. వాడి రాత ముత్యాల్లా ఉంటుంది. నేను చెబుతూ పోయాను, వాడు రాస్తూ పోయాడు. ఆఖరున గ్యారంటీ అనే మాటను కూడా రాయమంటే నవ్వి, అదొద్దులే అన్నా అన్నాడు. నేను బలవంతంగా రాయించాను.

పరీక్షలో అమెరికా పేరే రాలేదు. పెద్ద ప్రశ్నలన్నీ నేను చెప్పని చోటు నుంచే వచ్చాయి. ఏప్రిల్ చివర ఫలితాలొచ్చాయి. హిస్టరీలో సగం మందికి పైగా తప్పారు. తెలుగులో, సివిక్స్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లలు కూడా. కాలేజీలో ఆ మాట గుప్పుమంది. తల్లిదండ్రులు వస్తున్నారని, కూర్చోబెట్టి అడుగుతారని కరస్పాండెంటు కబురు పంపాడు. నేనూ నర్సింలూ ఇద్దరం రావాలన్నాడు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మీకు నా తప్పు రంగు కనిపించదు.

యార్క్‌టౌన్‌లో బ్రిటిషు సైన్యం ఓడిపోయింది. సేనాధిపతి కార్న్‌వాలిస్ బయటికొచ్చి తన కత్తిని వాషింగ్టన్‌కు అప్పగించాలి. ఆయన రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేసి, తన కింది అధికారి ఓహారాను పంపాడు. ఓహారా కత్తి పట్టుకుని ముందు ఫ్రెంచి సేనాని దగ్గరికి వెళ్లాడు. ఆయన వాషింగ్టన్ వైపు చూపించాడు. వాషింగ్టన్ కూడా తీసుకోలేదు. పెద్దవాడు రాలేదు, రెండోవాణ్ణి పంపాడు, కాబట్టి మా రెండోవాడు తీసుకుంటాడు అన్నట్టుగా తన కింది అధికారి లింకన్ వైపు చూపించాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు నేను కడుపు పట్టుకుని, మూలుగుతూ, "నాకు పానం బాగలేదు, నువ్వు పో ఓహారా" అని మన యాసలో నటించి చూపేవాణ్ణి. క్లాసంతా పగలబడి నవ్వేది. ఎల్లారెడ్డి పిల్లలూ నవ్వారు. హిస్టరీలో తప్పిన పిల్లలూ ఆ రోజు నవ్వారు.

మీటింగు రోజు నేను మంచం దిగలేదు.

మే నెల. రేకుల గది. పొద్దున పది దాటేసరికి కొలిమిలో కూర్చున్నట్టే ఉంటుంది. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకునే అవసరం లేకుండా ఆ పని రేకులే చేసిపెట్టాయి. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. నర్సింలు చొక్కా తొడుక్కుని వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"కాలుతున్నది గదనే అన్నా!"

"పానం బాగలేదు నర్సింలు. నువ్వొక్కనివే పోయిరా. నాకు పానం బాగలేదని చెప్పు."

అనేశాక నాకే వినిపించింది. క్లాసులో నటించి నవ్వించిన మాట, అదే గొంతు, అదే మూలుగు. ఒక్క క్షణం లేచి కూర్చుందామనుకున్నాను. నిజంగా అనుకున్నానా, ఇప్పుడు అనుకున్నానని చెప్పుకుంటున్నానా? తెలియదు. లేవలేదన్నది మాత్రం తెలుసు. వాడు కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి నా పక్కన పెట్టి, తలుపు దగ్గరికేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. చేతిలో మోదుగాకులు కప్పిన చిన్న గంప. దాన్ని కింద పెట్టి, ముందు నా నుదుటి మీద మళ్లీ చెయ్యి వేసి చూశాడు.

"ఇప్పుడు జర తగ్గింది. ఇగో, ముంజలు. సాయిలన్న ఇచ్చిండు. సారుకు పానం బాగలేదంటే, సల్వ చేస్తయి తీస్కపో అన్నడు."

సాయిలు ఒక రైతు. బిడ్డ లక్ష్మి మా కాలేజీలోనే చదివింది, హిస్టరీలో తప్పింది. ఆ రోజు తగువుకు ముందు నిలబడ్డది ఆయనే.

"ఏమన్నరు?" అని అడిగాను, గోడవైపు చూస్తూనే.

"ఏమంటరన్నా. సాయిలన్న అస్సలు నోరు తెరువలె. పెద్ద సారు రాలేదు గద, చిన్న సారు తోటి నేనెందుకు మాట్లాడుత, నా బిడ్డే మాట్లాడుతది అన్నడు. పిల్లను లేపి నిలబెట్టిండు. ఆ పిల్లేమో ఏడ్సుకుంట, సార్ మీరు రాసినయే సదివిన, ఒక్కటి గుడ రాలె, ఇప్పుడు నేనేం జెయ్యాలె సార్ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? తప్పు నాదే బిడ్డా, సప్లిమెంటరీకి నేను సదివిపిస్త అన్న. ఇంకేమంట అన్నా? నువ్వేమో గిట్ల పడుకుంటివి. లేనోని మీదికి ఎట్ల దోస్త?"

ఇంతే ఆ మాటలు. ఇరవై ఏళ్లుగా ఒక్క అక్షరం చెదరలేదు. అప్పుడైనా దుప్పటి తీసి, నాకేం కాలేదురా, భయపడి పడుకున్నానని చెబితే అయిపోయేది. వాడు రెండు తిట్లు తిట్టేవాడు. ఇద్దరం కలిసి కాలేజీకి పోయేవాళ్లం. నేను లేచి కూర్చుని ముంజలు తిన్నాను. వాడు ఒక్కొక్కటే తొక్క ఒలిచి ఇచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తిన్నాను.

మర్నాడు మా ఊరెళ్లిపోయాను, కోలుకోవడానికి. నర్సింలు ఆ నెలంతా, ఎండల్లో, కాలేజీ వరండాలో తప్పిన పిల్లలకు హిస్టరీ చెప్పాడట. తన సబ్జెక్టు కాదు. రాత్రి చదువుకుని పొద్దున చెప్పేవాడట. నేను వదిలేసిన ఫ్రెంచి విప్లవం, ఇటలీ, జర్మనీ, అన్నీ. లక్ష్మితో సహా చాలామంది గట్టెక్కారు.

కాలేజీ తెరిచాక కరస్పాండెంటు నన్ను గదిలోకి పిలిచాడు. పిల్లలు తప్పడంతో అడ్మిషన్లు పడిపోయాయి, ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు ఊరికి చూపాలి. మీటింగులో నర్సింలు తప్పు తనదేనన్నాడు, అయినా నన్ను సూటిగా అడిగాడు: "ఆ ఇంపార్టెంట్లు ఎవరియి? నీయా, నర్సింలువా?"

నేనన్నాను: "బోర్డు మీద రాసింది నర్సింలే సార్."

చూడండి, ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రాసింది వాడే. ఈ మాటను ఎన్ని రాత్రులు తిప్పి తిప్పి చూసుకున్నానో. నిజమే కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. నిజమే. ఆ నిజంతోనే వాడి పొట్ట కొట్టాను. దుప్పటి కప్పుకున్నది పిరికితనం, మనిషన్నాక భయపడతాడు, దానికి కాస్త జాలి అడగవచ్చు. దీనికి ఏమని అడగను? అది బాగా ఆలోచించి, పదాలు ఏరుకుని, కుర్చీలో తిన్నగా కూర్చుని అన్న మాట.

వాడిని తీసేశారు. వాడు నన్నేమీ అడగలేదు. గదిలో సామాను సర్దుకుంటుంటే నేను బజారుకెళ్లాను, చూడలేక. రెండు నెలల్లో గల్ఫ్‌కు పోయాడని తెలిసింది. ఎం.ఏ. చదివినవాడు ఎక్కడో గోదాములో డబ్బాలు మోశాడట. నాకేమో ఆ కాలేజీలో పనిచేసిన అనుభవం సర్టిఫికెట్ల మీద పనికొచ్చింది. తర్వాత నాకు సర్కారు కొలువు వచ్చింది. పర్మనెంటు.

కార్న్‌వాలిస్‌కు ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. ఆ జ్వరం మనిషే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. మన నిజామును వెంటబెట్టుకుని టిప్పు మీద యుద్ధానికి పోయి గెలిచాడు. బెంగాల్‌లో శాశ్వత శిస్తు పెట్టాడు. పిల్లలు అమెరికా పాఠంలో ఒకసారి, ఇండియా పాఠంలో ఒకసారి ఆయన్ను చదువుతారు, ఇద్దరూ ఒకరేనని చాలామందికి తెలియదు. శాశ్వత శిస్తు, పర్మనెంటు కొలువు. ఈ జోకు నాకు నేనే చెప్పుకుంటాను, ఎవరూ లేనప్పుడు. నవ్వు రాదు.

అయినా ఏటా ఆ పాఠం చెప్పాను. ఏటా కడుపు పట్టుకుని మూలిగాను. ఎందుకు మానలేదంటే, మానితే ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని. పిల్లలు నవ్వుతుంటే, చూశారా, నేనే నవ్విస్తున్నాను, నాకేం గుచ్చుకోవడం లేదు అని నాకు నేను చూపించుకోవడానికి కూడా కావచ్చు.

పోయినేడు బి.ఏ. మొదటి ఏడు పిల్లల్ని పేర్లడుగుతుంటే ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది.

"మౌనిక సార్. మాది ఎల్లారెడ్డి. మా బాపు నర్సింలు, మీతోని పనిచేసిండంట. హిస్టరీ అంటే ఆ సార్ దగ్గర్నే వినాలె అని నన్ను ఈడ చేర్పిచ్చిండు."

ఆఁ, గుర్తున్నాడు, బాగున్నాడా అన్నాను. ఆ రోజు ఇంకేం చెప్పానో గుర్తులేదు. తర్వాత మాటల్లో ఒక్కొక్కటే తెలిసింది. తను పుట్టినప్పుడు తండ్రి గల్ఫ్‌లోనే ఉన్నాడు, నడక నేర్చాకే చూశాడు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. ఒకరోజు తోటి పిల్లలు ఏదో ఆటపట్టిస్తుంటే నవ్వుతూనే చెప్పింది: "మా ఊర్ల నన్ను ఇంపార్టెంట్ సారు బిడ్డ అంటరు. బాపుది ఆ పేరే పడిపోయింది. దుకాణం గుడ ఇంపార్టెంట్ సారు దుకాణమే." అది ముద్దుపేరు అనుకుంటున్నారు వినేవాళ్లు. నాకు తెలుసు అది తిట్టని, సగం ఊరిని ఫెయిల్ చేయించిన సారని పెట్టిన పేరని, కాలం గడిచి కోపం పోయి పేరు మాత్రం మిగిలిందని. ఆ పేరు నాది. నా పేరును వాడు మోస్తున్నాడు, వాడి బిడ్డ మోస్తున్నది.

ఈ ఏడు యార్క్‌టౌన్ వచ్చింది. మూలిగాను. నవ్వారు. మౌనిక నవ్వలేదు, చెయ్యెత్తింది.

"సార్, ఆ కత్తి పట్టుకచ్చిన ఓహారా, తర్వాత ఏమయ్యిండు?"

నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. వాగుల పేర్లతో సహా తెలిసినవాణ్ణి, ఈ ఒక్కటి తెలుసుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. రేపు చెబుతానన్నాను. ఇంటికెళ్లి వెతికాను. వేరే యుద్ధంలో ఫ్రెంచివాళ్లకు చిక్కి, పరాయి దేశంలో బందీగా ఉండి, ఆ తర్వాత బయటపడ్డాడట. చదువుతూ ఉంటే ఏడుపొచ్చింది. ఓహారా కోసం కాదని మీకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు క్లాసయ్యాక మౌనికను స్టాఫ్‌రూముకు పిలిచాను. ఎవరూ లేరు. అంతా చెప్పేశాను. గ్యారంటీ, దుప్పటి, ముంజలు, కరస్పాండెంటుతో అన్న మాట. ఆ పిల్ల కదలకుండా నిలబడి విన్నది. ముఖంలో రంగు మారుతూ పోయింది. చెప్పడం అయ్యాక ఒళ్లు తేలికైంది. నిజంగా తేలికైంది, దాచను. హమ్మయ్య, చెప్పేశాను, ఇక ఈ పిల్ల ఇంటికెళ్లి చెబుతుంది, వాడికి తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏమైతే అదవుతుంది అనుకున్నాను.

"ఇది నాకెందుకు చెప్తున్నరు సార్?" అన్నది.

"మీ బాపుకు చెప్తవని..."

ఆ పిల్ల వంగి కింద పెట్టిన బ్యాగు తీసుకుంది. తలెత్తినప్పుడు కళ్లల్లో నీళ్లున్నాయి గానీ గొంతు వణకలేదు.

"మా బాపు మీ బదులు ఒక్కసారి పోయిండు సార్. నేను పోను."

బ్యాగు భుజానికేసుకుని వెళ్లిపోయింది.

నేనక్కడే కూర్చుండిపోయాను. ఇరవై ఏళ్లు బాధపడ్డాననుకున్నాను, ఏం నేర్చుకున్నాను? ఒప్పుకోవడానికి కూడా మనిషిని పంపబోయాను. అదీ వాడి బిడ్డనే. సిగ్గేసింది. మళ్లీ మళ్లీ అదే చేసే మనిషినా నేను? అంటే అది ఒకనాటి భయం కాదు, నా గుణమే అన్నమాట. ఆ మాట ఒప్పుకోవడం మిగతా అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆ ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. తాడ్వాయి దాటాక దిగిపోదామనిపించింది. లింగంపేటలో టీ తాగడానికి ఆపితే, దిగి, వెనక్కి పోయే బస్సు వైపు నడిచాను కూడా. కండక్టరు ఎల్లారెడ్డి ఎల్లారెడ్డి అని కేకేశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఆ పూట ఒళ్లు వేడిగానే ఉంది.

దుకాణం మార్కెట్ దారిలో ఉంది. నర్సింలు జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూసి గల్లా వెనకనుంచి లేచొచ్చాడు.

"అన్నా! నువ్వేనా! దారి తప్పినవా ఏంది?" నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కుర్చీ తుడిచి వేశాడు. టీకి మనిషిని పంపాడు. మౌనిక మంచిగ సదువుతున్నదా అని అడిగాడు. వాడి ముఖం చూస్తే అర్థమైంది, మౌనిక ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. అన్నట్టుగానే నాకు వదిలేసింది. వాడంత సంతోషంగా ఉంటే ఎట్లా చెప్పను? టీ తాగాక చెబుదాం. కాదు, దుకాణం కట్టేశాక ఇద్దరమే ఉన్నప్పుడు చెబుదాం. టీ వచ్చి బల్ల మీద చల్లారుతోంది, నేనిలా జరుపుకుంటూ పోతున్నాను. ఇంతలో ఒక రైతు లోపలికొచ్చాడు, తలకు తువ్వాల చుట్టుకుని, పెద్ద గొంతుతో.

"ఓ ఇంపార్టెంటు సారూ! యూరియా వచ్చిందా లేదా?"

బస్తాల దగ్గర ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఆ పేరు ఆయనది కాదు" అన్నాను. "ఇంపార్టెంట్లు రాసింది ఆయన. చెప్పింది నేను. పిల్లలు తప్పింది నా వల్ల. ఆయన కొలువు పోయింది నా వల్ల. కరస్పాండెంటు అడిగితే బోర్డు మీద రాసింది నర్సింలే అని నేనే చెప్పిన." అక్కడివాళ్లు నన్నూ వాణ్నీ మార్చి మార్చి చూశారు. నేను వాడివైపు తిరిగాను. "ఆ రోజు నాకు జ్వరం లేదు నర్సింలు."

నర్సింలు నన్ను చూస్తూ నిలబడ్డాడు. కోపం కనిపిస్తుందేమోనని వెతికాను. తిడితే బాగుండుననుకున్నాను. వాడు తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు, అరచేతి వైపు. నా నుదుటి మీద పెట్టిన చెయ్యి అదే. అదే గుర్తొచ్చిందో, నేనే అనుకుంటున్నానో. తర్వాత గల్లా వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పక్కనున్న కాగితాలు సర్దాడు, మళ్లీ సర్దాడు.

క్షమించు అని అడుగుదామనుకున్నాను. అడిగితే వాడు, పోనీలే అన్నా అనేవాడేమో, వాడి మంచితనం నాకు తెలుసు. అందుకే అడగలేదు. దాన్ని కూడా వాడితో మోయించడం న్యాయం కాదనిపించింది.

తల ఎత్తకుండానే అన్నాడు.

"కామారెడ్డి బస్సుకు టైమైతున్నది. పోయిరాండ్రి సార్."

సార్. అన్నా కాదు. ఆ ఒక్క మాటతో నా మీద ఉన్న చెయ్యి తీసేసినట్టయింది. వాడిచ్చిన టీ కప్పు బల్ల మీద అట్లాగే ఉంది, నేను ముట్టుకోలేదు, ముట్టుకునే అర్హత లేదనిపించింది. చెప్పులేసుకుని మెట్టు దిగాను.

వెనక ఆ రైతు గొంతు వినిపించింది. పెద్ద గొంతే గానీ, కాస్త తడబడుతూ, ఎట్లా పిలవాలో ఒక క్షణం వెతుక్కున్నట్టుగా.

"మరి... నర్సింలు సారూ, యూరియా వచ్చినట్టా, రానట్టా?"

"వచ్చింది" అన్నాడు నర్సింలు. నేను వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండు వైపు నడిచాను.